ఆశ్రయార్థుల వసతి గుత్తలు: బ్రిటన్

స్వదేశమున ప్రాణభయము పుట్టి, పరదేశము చేరి, అచ్చటి ప్రభుత్వమును శరణు వేడినవారికి, తమ అర్జీపై నిర్ణయము వెలువడునంతవరకు ఆ ప్రభుత్వము తాను స్వయముగా గాక వ్యాపార సంస్థలతో ఒడంబడిక చేసికొని సమకూర్చు నివాసమే ఈ వ్యాసమునకు విషయము. ఈ పద్ధతి ఐరోపాలో పలు దేశములందు గలదు. బ్రిటన్‌లో అది పాతికేండ్లలోనే వందలకోట్ల పౌన్ల వ్యాపారముగా పెరిగినది గనుక ఆ దేశపు చరిత్రయే ఇచ్చట చెప్పబడుచున్నది.

పూర్వము ఇట్టి భారము వహించినవారు వేరు. 1972లో ఈదీ అమీన్ ఉగాండా నుండి ఆసియావాసులను వెడలగొట్టినప్పుడు, గుజరాతు మూలములు గల కుటుంబములు అధికముగా, సుమారు 28,000 మంది బ్రిటన్ చేరిరి. వారిలో పెక్కుమందికి బ్రిటిషు పాస్‌పోర్టులు ఉండెను గావున నేటి చట్టార్థమున వారు ఆశ్రయార్థులు కారు; అయినను, కట్టుబట్టలతో దిగిన జనమునకు తల దాచుకొను చోటు చూపవలసిన అవసరము మాత్రము అప్పుడును ఇదియే. ప్రభుత్వము ఒక పునరావాస మండలిని నియమించి, సఫోక్‌లోని స్ట్రాడిషాల్, వేల్సు తీరమందలి టోన్‌ఫనౌ మున్నగు పదునారు శిబిరములలో, చాలవరకు సైన్యము ఖాళీచేసిన బారకాసులలో, వారిని దించెను. చలికోట్లు పంచుట మొదలుగా పెక్కు పనులకు పూనుకొన్నవారు స్వచ్ఛంద సేవికలు. ఆ శిబిరములు సుఖప్రదములని చెప్పజాలము గాని, వాటివలన లాభము గణించవలసిన వారెవ్వరును లేకుండిరి.

1996 నాటి చట్టము, దేశములో అడుగిడిన పిమ్మట అర్జీ పెట్టినవారికి సంక్షేమ భత్యములను నిలిపివేయగా, వారు వీథిన పడిరి. దిక్కులేనివారిని ఆదుకొనుట 1948 నాటి జాతీయ సహాయ చట్టము ప్రకారము స్థానిక సంస్థల విధియని న్యాయస్థానములు తీర్పు చెప్పుటచే, ఆ బరువంతయు లండను, కెంటు ప్రాంతముల పురపాలక సంస్థలపై పడినది. వాటి మొర ఆలకించిన ప్రభుత్వము 1999లో వలస, ఆశ్రయ చట్టమును చేసి, 2000 ఏప్రిలు నుండి వసతి బాధ్యతను కేంద్రమునకు మార్చి, పురపాలక సంస్థలతోను, ప్రైవేటు ఇంటి యజమానులతోను గుత్తలు కుదుర్చుకొనెను. నేటి వ్యవస్థకు పునాది ఇదియే.

ఆ చట్టముతోపాటు రెండు నియమములు వచ్చెను. ఆశ్రయార్థులను లండను నుండి తప్పించి దేశమంతట చెదరగొట్టుట మొదటిది. ఏ ఊరికి పంపిన ఆ ఊరికి పోవలసినదే గాని, కోరుకొను హక్కు లేదు. ఇండ్లు చౌకగా దొరకు చోట్లకే, అనగా బీదరికము ముదిరిన పేటలకే, వారిని పంపుట జరిగెను. గ్లాస్గోలో సైట్‌హిల్ ఎత్తైన భవనములకు వేలమంది చేరిరి. 2001 ఆగస్టులో అచ్చట ఒక కుర్దు యువకుడు కత్తిపోట్లకు బలియయ్యెను. రొక్కమునకు బదులు చీటీలిచ్చుట రెండవ నియమము. అంగడిలో చీటీ విలువకంటె తక్కువ సరుకు కొన్నచో చిల్లర తిరిగి ఇయ్యరాదన్న నిబంధన ఎంతటి అవమానమును కలిగించెనో ఊహింపవచ్చును. కార్మిక సంఘములును నిరసింపగా, 2002లో అది రద్దయ్యెను.

2012లో ప్రవేశపెట్టిన కాంపాస్ అను పేరుగల గుత్తలతో వ్యవస్థ స్వభావమే మారినది. అనేక గుత్తేదారులున్న చోట ముగ్గురే మిగిలిరి: జీ4ఎస్, సెర్కో, క్లియరెల్. దేశమును ఆరు మండలములుగా విభజించి, ఒక్కొక్కరికి రెండేసి మండలములు అప్పగించిరి. ఏడేండ్లలో 14 కోట్ల పౌన్లు ఆదా అగునని ప్రభుత్వపు ఆశ. ఈ ముగ్గురిలో మొదటి ఇరువురికి ఇండ్ల నిర్వహణలో పూర్వానుభవము లేదని జాతీయ లెక్కల తనిఖీ కార్యాలయము 2014లో తెలిపెను. గుత్తేదారుడు ఉపగుత్తేదారునకు, అతడు ఇంటి యజమానికి పని అప్పగించుటచే, పైకప్పు కారుచున్నదని చెప్పుకొనవలసినది ఎవరితోనో నివాసికి తెలియని స్థితి ఏర్పడెను. 2016 జనవరిలో బయటపడిన రెండు సంగతులు దీని పర్యవసానమును తేటపరచును. మిడిల్స్‌బరోలో ఆశ్రయార్థుల ఇండ్లలో అధికభాగము తలుపులకు ఎఱ్ఱరంగు పూసియుండుటచే, దారిన పోవువారు వాటిని గుర్తించి రాళ్లు, గ్రుడ్లు విసరుచుండిరి. కార్డిఫ్‌లోని ఒక వసతిగృహమున రంగుపట్టీ ముంజేత ధరించినవారికే భోజనము పెట్టుచుండిరి. పట్టీని తీసివేసిన తిరిగి తొడుగుకొనుటకు వీలులేదు గావున, దానితోనే వీథిలో నడిచి దూషణలకు గురియైరి. రెండును నిందల పాలై మానివేయబడెను. ఎవ్వరో పగబట్టి చేసినది కాదనియే అనుకొన్నను, మనిషిని పడకల లెక్కలో చూచువానికి ఇట్టివి తోచకపోవుటయే ఇందలి దోషము.

2019లో ఆరంభమైన పదేండ్ల గుత్తలు క్లియర్‌స్ప్రింగ్స్, మేర్స్, సెర్కో సంస్థలకు దక్కెను. మరుసటి యేడే కోవిడ్ వచ్చుటతో, తాత్కాలికమని చెప్పి హోటళ్లను బాడుగకు తీసికొనిరి. అర్జీల పరిష్కారము మందగించుటచేతను, చిన్న పడవలపై ఇంగ్లీషు కాలువను దాటి వచ్చువారు పెరుగుటచేతను ఆ తాత్కాలికము స్థిరపడినది. 2023 సెప్టెంబరు నాటికి హోటళ్లలోనే దాదాపు 56,000 మంది యుండిరి. మొదట 450 కోట్ల పౌన్లని అంచనా వేసిన పదేండ్ల వ్యయము 1,530 కోట్లకు చేరగలదని లెక్కల తనిఖీ కార్యాలయము 2025 మేలో ప్రకటించెను. హోటళ్లలో ఉన్నవారు మొత్తములో మూడవవంతుకు కొంచెము మించినను, ఖర్చులో నాలుగింట మూడువంతులు అప్పుడు వారి పేరనే వ్రాయబడుచుండెను.

ఆ ధనము నివాసికి చేరినది కాదు. భోజనము పెట్టు హోటలులో ఉన్నవానికి 2025లో వారమునకు చేతికి వచ్చినది 9.95 పౌన్లు. గదిలో పొయ్యి ఉండదు. తల్లి తన బిడ్డకు అలవాటైన కూడు వండిపెట్టుకొనలేదు. పనిచేసి సంపాదించుకొందమన్నను, ఏడాది గడిచినగాని అనుమతికై అడుగుటకే వీలులేదు. ఒడంబడిక ప్రభుత్వమునకు, గుత్తేదారునకు నడుమనున్నది. వసతిలో నివసించువాడు అందు పక్షము కాడు. ఈ వ్యవస్థలోని లోపములన్నిటికి ఇదియే మూలమని నా నిశ్చయము.

హోటళ్లకు బదులుగా చూపిన చోట్లు అంతకంటె హీనములయ్యెను. ఫోక్‌స్టన్ సమీపమందలి నేపియర్ బారకాసులలో పలువురిని ఒకే పడకశాలలో ఉంచగా, 2021 జనవరిలో దాదాపు 200 మందికి కోవిడ్ సోకెను. అచ్చటి వసతి కనీస ప్రమాణములకు తగినది కాదని ఆ జూనులో హైకోర్టు తీర్పిచ్చెను. పోర్ట్‌లాండ్ రేవున నిలిపిన బిబ్బీ స్టాక్‌హోమ్ అను తేలు వసతినౌకలోనికి 2023 ఆగస్టులో మనుష్యులను ఎక్కించిన కొలది దినములకే, నీటిలో లెజియొనెల్లా సూక్ష్మజీవులు కనబడుటచే దింపివేసిరి. అక్టోబరులో మరల ఎక్కించి, 2024 చివరకు దానిని ఖాళీచేసిరి.

2024 ఆగస్టులో రాథరమ్ సమీపమున ఆశ్రయార్థులున్న హోటలును అల్లరిమూకలు ముట్టడించి, లోపల జనముండగనే నిప్పు పెట్టజూచెను. మరుసటి సంవత్సరము ఎపింగ్ పట్టణములోని బెల్ హోటలు ఎదుట నిరసనలు చెలరేగగా, అచ్చట ఆశ్రయార్థులను ఉంచరాదని స్థానిక సంస్థ వ్యాజ్యము వేసెను. ఆగస్టు 19న హైకోర్టు ఇచ్చిన తాత్కాలిక నిషేధమును పదిదినములకు అప్పీలు కోర్టు కొట్టివేసెను. ప్రస్తుత పార్లమెంటు కాలము ముగియులోగా హోటళ్ల వాడుకను మానివేయుదుమని ప్రభుత్వము మాటయిచ్చినది. మూడు సంస్థల గుత్తలకును 2029 వరకు గడువు కలదు.