మెంఫిస్‌కు తిరిగివచ్చిన పాట: బిగ్ స్టార్ తొలి ఆల్బమ్, పవర్ పాప్ మూలాలు

చెవిలో నిలిచిపోయే బాణీని, జతగా పలికే గొంతులను, క్లుప్తమైన పాట కట్టుబడిని రాక్ సంగీతంలోని పదునైన గిటార్లతోను, బలమైన డ్రమ్స్‌తోను కలిపి వినిపించే పద్ధతికి పవర్ పాప్ అని పేరు. 1967లో ‘ద హూ’ బృందపు గిటారిస్టు పీట్ టౌన్షెండ్ తమ సంగీతాన్ని వర్ణిస్తూ వాడిన ఈ మాట, తరువాతి దశాబ్దంలో ఒక శాఖకు పేరుగా స్థిరపడింది. ఆ శాఖకు పునాది వేసిన రచనల్లో ముఖ్యమైనది అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం, మెంఫిస్ నగరానికి చెందిన బిగ్ స్టార్ బృందం 1972లో వెలువరించిన ‘నంబర్ వన్ రికార్డ్’. బ్రిటిష్ పాటకు అమెరికన్ అనుసరణగానే దీనిని చూడడం వాడుకైనప్పటికీ, దాని మూలాలను వెదికితే, మెంఫిస్ నుంచి సముద్రం దాటిన సంగీతమే మరో రూపం ధరించి పుట్టింటికి చేరుకున్నదని తెలుస్తుంది.

మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ నడిపిన సన్ రికార్డ్స్ సంస్థ 1954లో ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డును విడుదల చేసింది. అక్కడే పాడిన కార్ల్ పెర్కిన్స్ పాటలను లివర్‌పూల్ కుర్రవాళ్లు శ్రద్ధగా నేర్చుకోగా, 1964లో బీటిల్స్ విడుదల చేసిన రికార్డుల్లో ఆయన పాటలు మూడు చోటుచేసుకున్నాయి. 1966లో వారు ‘రివాల్వర్’ ఆల్బమ్‌ను మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోలో రికార్డు చేయాలని కూడా యోచించారు. చర్చి గానానికీ, రిథమ్ అండ్ బ్లూస్‌కూ వారసత్వంగా నల్లజాతి కళాకారులు తీర్చిదిద్దిన సోల్ సంగీతానికి స్టాక్స్ అప్పట్లో పెద్ద కేంద్రం. ఆ యోచన నెరవేరకపోయినా, లండన్‌లోనే తయారైన ఆ ఆల్బమ్‌లోని ఒక పాటలో సోల్ పద్ధతి ఇత్తడి వాద్యాలు స్పష్టంగా వినిపిస్తాయి.

1964 ఫిబ్రవరిలో బీటిల్స్ అమెరికా టెలివిజన్‌లో కనిపించిన నాటికి, తరువాత బిగ్ స్టార్‌లో చేరిన అలెక్స్ చిల్టన్‌కు పదమూడేళ్లు. పదహారేళ్లకే ‘ద బాక్స్ టాప్స్’ బృందంలో పాడిన ‘ద లెటర్’ 1967లో నాలుగు వారాలు దేశంలో మొదటి స్థానంలో నిలిచినా, ఇతరులు ఎంచి ఇచ్చిన పాటలు పాడడంతో తృప్తి చెందని చిల్టన్, 1971లో క్రిస్ బెల్, ఆండీ హమ్మెల్, జోడీ స్టీఫెన్స్‌లతో చేరాడు. నగరంలోని బిగ్ స్టార్ కిరాణా దుకాణాల నుంచి పేరు తీసుకున్న ఈ బృందం తన పనంతా ఆర్డెంట్ స్టూడియోలో చేసింది. దాని అధిపతి జాన్ ఫ్రై ఈ యువకులకు రికార్డింగ్ విద్య నేర్పి, మామూలు పని ముగిసిన తరువాత స్టూడియోను వారికి అప్పగించేవాడు. స్టాక్స్ రికార్డింగులు కొన్ని ఆర్డెంట్‌లోనే జరిగేవి కనుక, సోల్ సంగీతపు ధ్వని మెళకువలకు అలవాటుపడిన చోటనే బ్రిటిష్ బాణీ పాటలు రూపుదిద్దుకున్నాయి.

ఆ ఆల్బమ్‌లోని ప్రభావాలు దేనికది గుర్తుపట్టదగినవి. బెల్, చిల్టన్ తమ పాటలకు బీటిల్స్‌కు చెందిన లెనన్, మెకార్ట్‌నీల వలె ఉమ్మడిగా పేర్లు వేసుకున్నారు. గిటార్ల గలగలకు బీటిల్స్ బృందపు జార్జ్ హారిసన్, ‘ద బర్డ్స్’ బృందం వాడిన పన్నెండు తీగల గిటార్ ఆదర్శం. ఆ వాద్యంలో తీగలు ఆరు జతలుగా ఉండగా, లావు తీగల నాలుగు జతల్లో రెండవ తీగను ఒక స్థాయి పైకి శ్రుతి చేస్తారు కాబట్టి, ఒక్క మీటుకు మంద్రమూ తారమూ కలిసి మోగి గంటల గుత్తి కదిలినట్లు వినిపిస్తుంది. ‘థర్టీన్’ అనే పాటలో మాత్రం డ్రమ్స్ లేవు. అకూస్టిక్ గిటార్లు, లేత గొంతులు తప్ప మరేమీ లేకుండా తొలియవ్వనపు బెరుకును పలికించిన ఆ పాట, ఈ శాఖకు హోరుతో సమానంగా మార్దవమూ ప్రాణమని చాటింది.

ఆల్బమ్‌ను విమర్శకులు మెచ్చుకున్నారు గాని అది దుకాణాలకు సరిగా చేరలేదు. ఆర్డెంట్ రికార్డులను పంపిణీ చేసిన స్టాక్స్ ఆ బాధ్యతను కొలంబియా సంస్థకు అప్పగించిన తరువాత పరిస్థితి మరింత చెడింది. తొలి విడుదలలో పదివేల ప్రతులు కూడా అమ్ముడుపోలేదు. 1972 చివరలో బెల్ బృందాన్ని వీడాడు. 1974లో వచ్చిన రెండవ ఆల్బమ్ ‘రేడియో సిటీ’కి విలియం ఎగ్ల్‌స్టన్ తీసిన ఎర్రని పైకప్పు ఛాయాచిత్రం ముఖచిత్రమైంది. ఆ ఆల్బమ్‌కూ అదే గతి పట్టింది. 1974లో రికార్డయిన మూడవ ఆల్బమ్ 1978 వరకు వెలుగు చూడలేదు. ఆ సంవత్సరం డిసెంబరులోనే బెల్ ఇరవై ఏడేళ్ల వయసులో కారు ప్రమాదంలో మరణించాడు.

అయినా పాట మళ్లీ సముద్రం దాటింది. తొలి రెండు ఆల్బమ్‌లూ 1978లో బ్రిటన్‌లో జంటగా పునర్ముద్రణ పొందాయి. 1986లో అమెరికాలో ‘ద బ్యాంగిల్స్’ బిగ్ స్టార్ పాటను పాడగా, 1991లో స్కాట్లండ్‌కు చెందిన ‘టీనేజ్ ఫ్యాన్‌క్లబ్’ తన ‘బ్యాండ్‌వాగనెస్క్’ ఆల్బమ్‌ను ఈ ధోరణిలోనే నిర్మించింది. కనుక పవర్ పాప్‌ను ఒక దేశపు సొత్తుగా లెక్కించడం చరిత్రకు అన్యాయం. ఈ మాటను పరీక్షించదలచిన శ్రోత ‘నంబర్ వన్ రికార్డ్’లోని మొదటి పాట ‘ఫీల్’ వినాలి: ఇంగ్లండ్ నుంచి నేర్చిన గిటార్ల నడుమ మెంఫిస్ సోల్ శాక్సఫోన్లు లేచినప్పుడు, రెండు ఊళ్ల ధ్వనీ అక్కడే కలుస్తుంది.