ఊరొకటి, దస్తరములు నాలుగు

కోటలను రాజులు కట్టించిరి. దస్తరములను పట్వారీలు వ్రాసిరి. చరిత్ర చదువువారి చూపు కోటపై నిలుచును. రైతు బ్రదుకు దస్తరముపై ఆధారపడియున్నది.

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు నిజామునకు పేష్కషు చెల్లించుచు, తమ గ్రామములలో శిస్తును తామే వసూలు చేసికొనెడివి. జటప్రోలు రాజధాని కొల్లాపురము నేడు నాగర్‌కర్నూలు జిల్లాలోనిది. ఏ చేను ఎవరిది, ఏ చెరువు క్రింద తరి యెంత, ఏ గుడికి ఇనాము ఎంత అను లెక్కలు ఆ కచేరీలలో నిలిచినవి. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనముతో ఆ అధికారము ప్రభుత్వమునకు వచ్చినది.

గద్వాల సంగతి చూతము. సంస్థానము పోయిన పిమ్మట అది హైదరాబాదు రాష్ట్రమున రాయచూరు జిల్లాలోని తాలూకా. 1956 నవంబరు 1న రాయచూరు మైసూరు రాష్ట్రమునకు పోగా, గద్వాల, ఆలంపురము తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాలో చేరినవి. 2016 అక్టోబరు 11న జోగుళాంబ గద్వాల జిల్లా ఏర్పడినది. వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలును ఆనాడే వెలసినవి. ఊరు ఉన్నచోటనే యున్నది. దాని దస్తరము నాలుగు పేర్ల క్రింద చేరినది.

ఇందు చిక్కేమి? తెలంగాణమున భూమి తగవు వచ్చినచో నేటికిని 1954-55 నాటి ఖాస్రా పహాణీని అడుగుదురు. ఆ యేట గద్వాల రాయచూరు జిల్లాలోనిది. అంతకు పూర్వపు కాగితములలో భాష ఉర్దూ, సంవత్సరము ఫసలీ. ఫసలీకి 590 కలిపిన క్రీస్తుశకము సుమారుగా తేలును. ఇవి తెలియని మనుమనికి తాతనాటి కాగితము భద్రముగా నున్నను లేనట్లే.

2005 నాటి సమాచార హక్కు చట్టము అడిగినవానికి ఇమ్మన్నది. 2016లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన ఓపెన్ డేటా విధానము, అడుగకమునుపే, కంప్యూటరు చదువగల రూపమున సమాచారమును వెల్లడించుటను ఉద్దేశించినది. భూమి లెక్కలకు 2020 అక్టోబరులో ధరణియు, 2025 ఏప్రిలులో దాని స్థానమున భూభారతియు వచ్చినవి. ఇవి మంచి అడుగులే. అయితే నేటి పట్టికను తెరచినంతమాత్రమున చాలదని మేము తలచెదము. ప్రతి గ్రామమునకును పాత జిల్లా పేరు, క్రొత్త జిల్లా పేరు, ఫసలీ, క్రీస్తుశకము, దస్తరమున్న చోటు తెలుపు సూచిక యొకటి ఎల్లరకును అందుబాటులో నుండవలెను. అందు ఎవరి ఇంటిగుట్టును లేదు. దానిని దాచుటకు కారణమును లేదు.

గాదెలో గింజలున్నవని చెప్పిన ఆకలి తీరదు. గాదె తలుపు ఎటున్నదో ఇంటివానికి తెలియవలెను.