బంజర్ అనే ఒక్క మాట

ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాడికి రెవెన్యూ కాగితాలు చదవడం ఓ మజా. ‘రైతు’ అరబ్బీ ‘రఈయత్’ నుంచి వచ్చాడు. ‘జిరాయితీ’ వెనక ‘జిరాఅత్’ ఉంది, అంటే సేద్యం. తహశీల్దారు, జమాబందీ, ఫసలీ, కచేరీ అన్నీ మా ఇంటి మాటలే. కుతుబ్‌షాహీల ఫౌజుదార్లు శ్రీకాకుళాన్ని ‘చికాకోల్’ అని పిలిచి ఏలిన కాలం పోయింది. 1802లో కంపెనీవాళ్లు విజయనగరం, బొబ్బిలి జమీందార్లకు పేష్కష్ ఖరారు చేశారు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. హుకూమత్‌లు మారాయి గానీ దఫ్తర్ జుబాన్ మారలేదు. శిస్తు కట్టే నేలకే ఇజ్జత్. కట్టని నేలను బంజర్ అని రాసి పక్కన పెట్టడమే ఆనవాయితీ.

సోంపేట దగ్గర నీళ్లు నిలిచే నేలను జనం ‘బీల’ అంటారు. నౌపడా, కాకరాపల్లి వైపు ‘తంపర’ అంటారు. చేపలు, గడ్డి, తుంగ, పశువుల మేత, చుట్టూ పొలాలకు తడి, ఇవన్నీ అక్కడివే. దగ్గర్లోని తేలినీలాపురం చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచేది ఈ తంపర చేపలతోనే. ఆ ఊరి జనం ఏ చట్టమూ చెప్పకముందే వాటిని మెహమాన్లలా చూసుకున్నారు. శిస్తు లెక్కలో ఈ బరకత్‌కు గడి లేదు.

ఢిల్లీలో మాత్రం చట్టాల వరస సాగుతూనే ఉంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1992లో రియోలో ఒప్పందం, దాని ఫలంగా 2002లో జీవవైవిధ్య చట్టం. మరుసటేడు చెన్నైలో జాతీయ ప్రాధికార సంస్థ పెట్టారు. ఈ చట్టంలో నాకు నచ్చిన భాగం 41వ సెక్షన్. ప్రతి పంచాయతీకీ ఓ కమిటీ ఉండాలి. ఊళ్లోని చెట్టూచేమా, పిట్టా, చేపా, వాటి గురించి పెద్దలకున్న ఇల్మ్, అన్నీ ఓ రిజిస్టర్‌లో చేరాలి. దఫ్తర్ రాసే అడంగల్ పక్కన ఊరు ఇచ్చుకునే గవాహీ అన్నమాట.

ఆ గవాహీ వేళకు రాలేదు. చట్టం వచ్చిన ఆరేళ్లకు, 2008లో, సోంపేట బీలలో 972 ఎకరాలను థర్మల్ కేంద్రం కోసం నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి కేటాయించారు. కాగితాల మీద అది పనికిరాని నేల. అదే బీల నీటితో సర్కారే ఎత్తిపోతల పథకాలు నడిపిన సంగతి ఆ కాగితాల్లో కనపడదు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో రైతులు షహీద్ అయ్యారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అది చిత్తడి నేలేనని ఒప్పుకుని అనుమతి రద్దు చేసింది. ఇన్సాఫ్ దొరికింది, ప్రాణాలు పోయాక. ఆ డిసెంబర్‌లోనే కేంద్రం చిత్తడి నేలల నియమాలు తెచ్చింది. మూడు నెలలు తిరక్కముందే, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లిలో మరో థర్మల్ కేంద్రం దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ జనాజాలు.

2017లో ఆ నియమాలను తిరగరాశారు. వరిపొలాలనూ, సాగునీటి కోసం, ఉప్పు కోసం మనుషులు కట్టినవాటినీ చిత్తడి నేలల లెక్కలోంచి తీసేశారు. తంపర ఎక్కడ ఆగుతుందో, వరిపొలం ఎక్కడ మొదలవుతుందో, నౌపడా ఉప్పుమడి ఎక్కడుందో కొంగకు తెలుస్తుందా?

రిజిస్టర్ల కథ ఇంకా విచిత్రం. 2019లో హరిత ట్రిబ్యునల్, గడువులోగా పూర్తి చేయని రాష్ట్రాలు నెలకు 10 లక్షలు కట్టాలంది. అంతే, దేశమంతా హడావుడి. ఏళ్ల తరబడి ఊరి పెద్దల దగ్గర కూర్చుని రాయాల్సిన పనిని జుర్మానా భయంతో పరిగెత్తించారు. 2023 సవరణ జైలు శిక్షలు తీసేసి జుర్మానాలు పెట్టింది. నేల కేటాయించే ముందు ఊరి రిజిస్టర్ తెరిచి చూడాలన్న షరతు మాత్రం ఆ సవరణలోనూ చేరలేదు.

నా మాట ఒక్కటే. చట్టాలకు కొరత లేదు, తహశీల్దారు బల్ల మీద ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన ఉండాలి. అడంగల్‌లో ‘బంజర్’ అని ఉంటే, ఊరి రిజిస్టర్ ఏమంటోందో చూశాకే సంతకం పడాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టర్ ఎక్కడుందో అడగండి. అడగడం మీ హక్కు. ఆ ‘హక్కు’ కూడా అరబ్బీ మాటే, సత్యం అని దానికి ఇంకో అర్థం.