విశాఖపట్టణపు దంతాసనములు

గృహోపకరణముల చరిత్రను వ్రాయువారు ప్రాయికముగా ఈజిప్టు రాజుల సమాధులలో దొరకిన కుర్చీలతో ఆరంభించి, గ్రీసు, రోము, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశముల మీదుగా సాగిపోవుదురు. ఆ మార్గమున ఆంధ్రదేశము తగులదు. ఇందుకు మనవారును కొంత కారకులే. కుర్చీ మనది కాదను భావము మనలో గాఢముగా నాటుకొనియున్నది. భాషయు ఈ భావమును బలపఱచునట్లే కనబడును. కుర్చీ యను పదము అరబ్బీనుండి పారసీక హిందూస్థానీల మూలమున మనకు వచ్చినది. మేజా పారసీకము. అలమారు పోర్చుగీసువారు తెచ్చినది. మంచము, పర్యంకము, సింహాసనము తత్సమములు, పీట తద్భవము. కావున తురుష్కులును పరంగులును వచ్చువఱకు మన పూర్వులు పీటలమీదను మంచములమీదను తప్ప కూర్చుండుట యెఱుగరని కొందఱు తేల్చుదురు. పదము వచ్చిన కాలమే వస్తువు వచ్చిన కాలమని తలచుట పొరపాటు.

ఇందుకు అమరావతి శిల్పములే సాక్ష్యము. క్రీ.పూ. 2వ శతాబ్దినుండి క్రీ.శ. 3వ శతాబ్దివఱకు పెరుగుచు వచ్చిన ఆ స్తూపపు పలకలలో పెక్కులు నేడు చెన్నపట్టణపు మ్యూజియమునందును, లండనులోని బ్రిటిషు మ్యూజియమునందును ఉన్నవి. వానియందు రాజులు వీపుపలక గల యెత్తైన యాసనములపై కూర్చుండి, పాదపీఠములపై కాళ్లూనియుందురు. పేముతో అల్లిన గుండ్రని యాసనములును కలవు. మంచపుకోళ్లు తరిమెన పట్టినట్లు వలయములు తీర్చియుండును. బుద్ధుని రూపమును చెక్కని పలకలలో ఆయన సన్నిధిని తెలుపునది శూన్యమైన యాసనమే. దానిమీది దిండ్లను సైతము శిల్పి విడువలేదు. తాను కంటితో చూడని సామగ్రిని ఇంత వివరముగా చెక్కుట యెవరికిని సాధ్యము కాదు.

అయితే ఈ యాసనములు రాజులవి, ధనికులవి. సామాన్యగృహములలో నేలయే కూర్చుండు చోటు, పీటయే భోజనాసనము. రాత్రి వాల్చి, తెల్లవాఱిన పిదప గోడకు నిలుపదగిన నులకమంచము చాలియుండెను. కలవారును తమ కలిమిని పట్టెమంచమునందును, ఉయ్యెలబల్లయందును, భోషాణమునందును చూపిరిగాని కుర్చీయందు చూపలేదు. పనివారి నేర్పు లోపించినది కాదు, అడుగువారు లేకపోయిరి.

అడుగువారు సముద్రముమీద వచ్చిరి. 17వ శతాబ్ద్యారంభమున డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును మచిలీపట్టణమున వర్తకస్థానములు నెలకొల్పిరి. వీరికి నేలపై కూర్చుండు అలవాటు లేదు. స్వదేశమునుండి ఓడలలో సామాను తెప్పించుకొనుట వ్యయప్రయాసలతో కూడిన పని. తెచ్చినను ఈ తీరపు ఉక్కకును చెదలకును అది నిలుచుట కష్టము. కావున మాదిరి యొకటి చూపి స్థానికులైన పనివారిచేత చేయించుకొనిరి. తుమికిజాతి నల్లచేవమ్రానుతో చోళమండలతీరమున ఈ శతాబ్దమునందు తయారైన కుర్చీలు కొన్ని నేటికిని నిలిచియున్నవి. కూర్చుండు పలక నేలకు దగ్గఱగా నుండును. కాళ్లును నిలువుకమ్ములును త్రాడు పేనినట్లు మెలికలు తిరిగియుండును. వీపుకమ్ములపై లతలు, పూలు, చిలుకలు, సగము మనుష్యాకృతి గల వింతప్రాణులు చెక్కబడియుండును. 1702లో మరణించిన రుంఫియస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు, చోళమండలతీరపు పనివారు ఈ నల్లచేవతో కుర్చీలును బల్లలును చేసి ఆకుచెక్కడములతో అలంకరింతురని తన గ్రంథమున తెలిపియున్నాడు. సింహళమునందును బటేవియాయందును ఇట్టి పని జరిగినమాట నిజమే. అందుచే నల్లకుర్చీ కనబడినంతనే మనదని యెగిరి పట్టుకొనరాదు.

ఈ కుర్చీలకు ఇంగ్లండులో పట్టిన గతి విచిత్రమైనది. అవి యెక్కడివో 18వ శతాబ్దినాటికి అక్కడివారు మఱచిపోయిరి. హొరేస్ వాల్పోల్ అను ప్రసిద్ధ రచయిత, 1530లో మృతినొందిన కార్డినల్ వుల్సీ నివసించిన ఈషరు భవనములో ఇట్టి కుర్చీలుండుట చూచి, ఇవి ట్యూడరు రాజులనాటి ఆంగ్లేయపు పనియేయని నిశ్చయించుకొనెను. 1763లో కొన్నిటిని వేలమునందు కొని తన స్ట్రాబెరీహిల్ భవనమున నుంచెను. ఆయన మాటయే ప్రమాణమైనది. ప్రాచీనతను కోరు ధనికులందఱును నల్లచేవ కుర్చీలకై వెదకసాగిరి. చార్లకోట్ భవనపు యజమాని 1837లో కొన్న దంతపు పొదుగు గల నల్లచేవ సామగ్రి, ఎలిజబెత్తు రాణి 1575లో లెస్టరు ప్రభువునకు బహూకరించినదని చెప్పుకొనబడెను. ఆంగ్లేయుల తూర్పిండియా సంఘము పుట్టినదే 1600లో! వారు మన తీరమున కాలిడకమునుపు ఇచ్చటి పనివారి వస్తువులు ఇంటినిండ వారి కులీనుల కెట్లు చేరెనో ఆలోచించినవారు లేరు. చేసిన వడ్రంగి పేరు పోవుట లోకసామాన్యము. దేశము పేరే పోయి, మఱియొక దేశపు ప్రాచీనగౌరవమునకు అవి నిదర్శనములైనవి. ఈ పొరపాటు 20వ శతాబ్దియందు గాని పూర్తిగా తొలగలేదు.

విశాఖపట్టణపు పని దీని తరువాతిది, దీనికంటె సూక్ష్మమైనది. ఆంగ్లేయుల వర్తకస్థానము అచట 1682 ప్రాంతమున ఏర్పడెను. సమీపముననున్న భీమునిపట్టణమున డచ్చివారుండిరి. టేకును ఏనుగుదంతమును పెగూనుండి ఓడలు తెచ్చుచుండెను. వస్త్రముల వర్తకముచేత ఊరిలో ధనము తిరుగుచుండెను. 1756లో ఈ తీరమున సంచరించిన జాన్ కార్నీల్ అను సైనికోద్యోగి, ఈ పట్టణము అద్దకపు వస్త్రములకును పొదుగుపనికిని ప్రసిద్ధమని వ్రాసెను. ఈ రెండింటిని అతడు ఒక్కచోట పేర్కొనుట నాకు మిక్కిలి అర్థవంతముగా తోచుచున్నది. ఏలయన, దంతపు పొదుగులోని పూలతీగెలను, అంచులవెంట పాఱు లతను చూచినవారికి కలంకారి దుప్పటి యంచు జ్ఞప్తికి రాకమానదు. కుర్చీ ఆకృతి పరదేశపుది; దానిపై పఱచిన పూత మాత్రము మన చీరలదియు దుప్పట్లదియు.

పని విధానము ఇట్టిది. మొదట ఇరుగుడు, టేకు, నల్లచేవ మ్రాకులలో గాడి తవ్వి, దంతపు తునుకలను ఆ గాడిలో ఇమిడ్చెడివారు. పిమ్మట దంతముమీద సన్నని మొనతో ఆకుల యీనెలను, పూరేకుల మడతలను గీసి, ఆ గీతలలో నల్లని లక్కను నింపి, పైని నునుపు చేసెడివారు. తెల్లని దంతముమీద కాటుకగీతవలె చిత్రము తేలును. 18వ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ పద్ధతి ముదిరి, పొదుగుటకు మాఱుగా దంతపు పలుచని రేకులతో మ్రానునంతటిని కప్పుట ఆరంభమయ్యెను. లోన శ్రీగంధపుచెక్క, వెలుపల దంతము. చూపఱకు వస్తువంతయు దంతమే యనిపించును. పూలతీగెల నడుమ ఐరోపా ముద్రణచిత్రములను చూచి గీసిన మేడలును, స్తంభములును, తోటలును ప్రవేశించెను. నా యభిప్రాయమున ఇచ్చటనే పని కొంత దిగజాఱినది. ఎన్నడును చూడని మేడను గీయు చేతికి, తీగెను గీయునప్పటి చనువు లేదు.

ఈ దశకు చెందిన వస్తువులలో మిక్కిలి పేరెన్నికగన్నవి అలెగ్జాండరు వించివి. ఇతడు 1773 మొదలు 1775 వఱకు చెన్నపట్టణపు గవర్నరు. ఇతడు ఇంగ్లండునకు కొనిపోయిన దంతపు కుర్చీలు మొదలగువానిని, ఇతని మరణానంతరము 1781లో జరిగిన వేలమునందు 3వ జార్జిరాజు కొని, షార్లటు రాణికిచ్చెను. 1818లో రాణి గతించిన పిమ్మట మరల వేలమునకు రాగా, ఆమె కుమారుడు, అనంతరకాలమున 4వ జార్జియైనవాడు, వానిని సంపాదించి బ్రైటను మందిరమున అలంకరించెను. నేటికిని ఇవి ఆ రాజవంశపు వస్తుసంచయమున నున్నవి. కుర్చీల ఆకృతి, 1754లో చిప్పెండేల్ అను లండను వడ్రంగి ప్రకటించిన మాదిరిపుస్తకముచేత వ్యాపించిన ఫక్కి ననుసరించినది. ఇచ్చట గమనింపదగినదేమన, చిప్పెండేల్ తన పేరుతో గ్రంథము ప్రకటించినందున అతడు చేయని కుర్చీకిని అతని పేరు కలిగినది. వించి కొన్నందున ఆతని పేరు నిలిచినది. రేవునుండి యెగుమతియైనందున విశాఖపట్టణము పేరు నిలిచినది. చేసినవారిని గూర్చి, వారు కంసాలులని మాత్రము తెలియుచున్నది. అది స్వల్పవిషయము కాదు. కంసాలులలో వడ్రంగమును స్వర్ణకారమును ఒకే కుదురునకు చెందిన వృత్తులు. దంతముపై ఆ గీతలోని సన్నదనము, బంగారుపని చేయువారి చేతినుండి వచ్చినదే యని నేను తలంతును.

19వ శతాబ్దియందు పెద్ద సామాను చేయించువారు తగ్గిరి. కంసాలులు చిన్నవస్తువులకు దిగిరి: తేయాకుపెట్టెలు, కుట్టుపనిపెట్టెలు, చదరంగపు బల్లలు. దంతముతో పాటు పశువుల కొమ్ములును ఏదుముండ్లును పొదుగుటకు వచ్చెను. ఇవి దొరసానులు కానుకలుగా కొనిపోవుటకు అనువైనవి. వీనిలోను అందమైనవి కలవు, కాని కుర్చీ వీపును ఒక్క తీగెతో నింపిన ధైర్యము వీనిలో లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనమును 1986లో సవరించి భారతీయ దంతపు వర్తకమును, 1991లో మఱల సవరించి ఆఫ్రికా దంతపు వర్తకమును నిషేధించిరి. ఏనుగుల ప్రాణములకంటె పెట్టెలు ఎక్కువ కావు. కావున ఈ పనిని పునరుద్ధరింపుడని యెవరును కోరరాదు. మిగిలినవానిని గుర్తించి, సరియైన పేరుతో పట్టికలకెక్కించుటయే చేయవలసినది.

గుర్తించుటకు ఒక గురుతు చెప్పెదను. ముర్షిదాబాదు పనివారును ఇదే కాలమున ఆంగ్లేయులకు దంతపు కుర్చీలు చేసిరి. వారు దంతమును గట్టిదుంగగా తీసికొని చెక్కిరి, తరిమెన పట్టిరి. విశాఖవారు రేకును మ్రానుకు అతికించి, దానిపై గీసి, నల్లలక్క నింపిరి. నేడు అనకాపల్లి జిల్లాలో చేరిన ఏటికొప్పాకయందు లక్కతో కొయ్యబొమ్మలు చేయు పని జరుగుచునే యున్నది. అది వేఱు విధానము: అచట అంకుడుకొయ్య తరిమెనపై తిరుగుచుండగా లక్కముద్దను ఒత్తుదురు, ఆ రాపిడి వేడికి రంగు కరగి కొయ్యనంతను కప్పును, విశాఖపని యందు లక్క గీత దాటి వెలుపలికి రాదు.