ఫొటో కింది పేరు: కరీబియన్ దీవుల కథ

కరీబియన్ దీవులకు కెమెరా త్వరగానే చేరింది. కింగ్‌స్టన్‌లో స్థిరపడ్డ ఫ్రెంచి ముద్రాపకుడు అడాల్ఫ్ డుపెర్లీ 1840లలో జమైకా దృశ్యాలను డాగెరోటైపులుగా, అంటే తొలితరం ఫొటోలుగా తీసి, వాటి ఆధారంగా లిథోగ్రాఫులు (రాతి అచ్చు బొమ్మలు) వెలువరించాడు. అప్పటికి అక్కడ బానిసత్వం పూర్తిగా తొలగి (1838) కొన్నేళ్లే అయింది.

ట్రినిడాడ్ సంగతి మనకు మరీ దగ్గరిది. 1845 నుంచి 1917 దాకా సుమారు 1.4 లక్షల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా అక్కడికి వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవులో ఓడ ఎక్కారు; మద్రాసు నుంచి వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో స్టూడియో నడిపిన ఫెలిక్స్ మోరిన్ ఇలా వెళ్లిన భారతీయ స్త్రీలను మెడ నిండా హారాలు, చేతుల నిండా కడియాలతో కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆ రోజుల్లో కూలి డబ్బును వెండిగా మార్చి ఒంటిమీదే దాచుకునేవారు. ఆ ఫొటోలు కొన్నవాళ్లకు మాత్రం అందులోని ఆమె ఉత్త ‘కూలీ స్త్రీ’. ఆ ముఖాల్లో విశాఖ వైపు నుంచో గంజాం వైపు నుంచో వెళ్లినామె ఉందా అని వెతుకుతాం. పేరు రాయలేదు కనుక తేలదు.

మళ్లీ జమైకాకు వస్తే, 1891లో కింగ్‌స్టన్‌లో అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. పర్యాటకులను రప్పించే ఫొటోలకు గిరాకీ పెరిగింది. అరటి గెలలు, గాడిదల మీద సంతకు వెళ్లే ఆడవాళ్లు, కొబ్బరి చెట్లు: ఈ మూసను ఎవరు, ఎందుకు తయారుచేశారో చరిత్రకారిణి క్రిస్టా థాంప్సన్ 2006లో విపులంగా రాశారు.

ఫొటోగ్రాఫర్ జాక్ డెలానో దారి వేరు. 1941లో అమెరికా ప్రభుత్వం తరఫున ప్యూర్టోరికోకు వచ్చి చెరకు కూలీలను ఫొటోలు తీశాడు. 1946లో తిరిగొచ్చి, 1997లో చనిపోయేదాకా అక్కడే ఉండిపోయాడు. 1980లలో పాత చోట్లకే మళ్లీ వెళ్లి, ఏం మారిందో చూపించాడు. నా దృష్టిలో ఈ ఓపికే అతని పనికి ప్రాణం.

క్యూబాలో కెమెరా స్థానికుల చేతికే వచ్చింది. హవానా రేవులో ఓడ పేలి చనిపోయినవాళ్ల సంతాపసభలో, 1960 మార్చి 5న, పత్రికా ఫొటోగ్రాఫర్ అల్బెర్టో కోర్డా విప్లవ నాయకుడు చే గువేరాను ఫొటో తీశాడు. అతని పత్రిక అప్పుడు దాన్ని వేసుకోలేదు. 1967లో చే మరణించాక ఆ ఫొటో పోస్టర్లకెక్కి ఊరూరా తిరిగింది. కోర్డా రాయల్టీ అడగలేదు. కానీ ఆ బొమ్మను వోడ్కా ప్రకటనకు వాడుకున్నప్పుడు మాత్రం దావా వేశాడు; వచ్చిన 50 వేల డాలర్లనూ క్యూబా వైద్యానికే ఇచ్చేశాడు.

హైతీవాడైన ఫొటోగ్రాఫర్ డేనియల్ మోరెల్ 1964లో, పిల్లవాడిగా, నియంత డువాలియే ప్రభుత్వం ఇద్దరు యువకులను బహిరంగంగా కాల్చి చంపడం చూశాడు; కెమెరా పట్టాలనుకున్నది అప్పుడే. 2010 జనవరి 12న భూకంపం వచ్చినప్పుడు పోర్ట్-ఓ-ప్రిన్స్ వీధుల్లోనే ఉన్నాడు. ఆ సాయంత్రమే ఫొటోలు ట్విటర్‌లో పెట్టాడు. ఏఎఫ్‌పీ వార్తాసంస్థ, గెట్టీ ఫొటో సంస్థ అనుమతి లేకుండా వాటిని ప్రపంచమంతా పంచాయి, అదీ మొదట వేరొకరి పేరుతో. మోరెల్ పోరాడాడు. 2013లో న్యూయార్క్ జ్యూరీ అతనికి సుమారు 12 లక్షల డాలర్లు చెల్లించాలని తీర్పు చెప్పింది.