నియంత్రణ లేని లైసెన్సు

ట్రేడ్‌మార్కు యజమాని తన గుర్తును వాడుకునే అనుమతి మరొకరికి ఇచ్చి, వారి సరుకు నాణ్యతను పట్టించుకోకుండా వదిలేయడం. ఒకే పేరుతో వచ్చే సరుకు ఒకే తీరుగా ఉంటుందన్న కొనుగోలుదారు నమ్మకమే గుర్తుకున్న విలువ. అందుకే అమెరికా న్యాయస్థానాలు ఇలాంటి లైసెన్సును హక్కు వదులుకోవడంగా పరిగణిస్తాయి. యజమానికి ఆ ఉద్దేశం లేకపోయినా సరే.

బార్‌కమెరికా కేసు (2002): బార్‌కమెరికా అనే సంస్థ వైన్లకు వాడే ‘డా విన్చీ’ గుర్తును 2,500 డాలర్లు, ఆపై నెలకు 85 డాలర్లు తీసుకుని మరో వైన్ తయారీ సంస్థకు ఇచ్చింది. ఒప్పందంలో నాణ్యత షరతు లేదు. అప్పుడప్పుడు వైన్ రుచి చూశామని, తయారీదారుకు మంచి పేరుందని చెబితే సరిపోదని తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. వైన్ బాగుందా లేదా అన్నది అప్రస్తుతమని చెప్పి, హక్కు పోయినట్టేనని నిర్ణయించింది.

జాగ్రత్తలు: ఒప్పందంలో ప్రమాణాలు, తనిఖీ హక్కు రాసుకోవాలి, నమూనాలను నిజంగా పరీక్షించి రికార్డులు ఉంచుకోవాలి.

భారతదేశంలో: 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలోని నాణ్యత షరతులు అమలు కాకపోతే రిజిస్ట్రార్ లైసెన్సుదారు పేరిట ఉన్న ‘నమోదిత వినియోగదారు’ నమోదును రద్దు చేయవచ్చు.