ఎనిమిది ట్రాకులూ, ఒక వీడియో కాసెట్టూ

ఈమధ్య మన పిల్లలు వీణ, వయొలిన్, మృదంగం ఇంట్లోనే రికార్డు చేసుకుంటున్నారు. మల్టీట్రాక్ రికార్డరు కొనడం తేలికే, అమర్చుకోవడం దగ్గరే చిక్కు. ఆ పెట్టె ఎందుకలా తయారయిందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. అందుకని ఇవాళ కాస్త చరిత్ర చెబుతాను.

1948లో లెస్ పాల్ అనే గిటారు విద్వాంసుడు "లవర్" అనే పాటలో ఎనిమిది గిటార్లూ తానొక్కడే వాయించాడు. హాలీవుడ్‌లో ఇంటి గ్యారేజే ఆయన స్టూడియో. ఒక డిస్కు మీద వాయించింది మోగిస్తూ, దానికి ఇంకో వరస కలిపి, రెండో డిస్కు మీదికి ఎక్కించేవాడు. ఏడోసారి వేలు తడబడితే ఆ డిస్కు పారేయడమే. తరవాత టేపు వచ్చింది గాని, దానితోపాటు ఇంకో చిక్కు వచ్చింది. టేపు యంత్రంలో రికార్డు చేసే హెడ్డు ఒకచోట, వినిపించే హెడ్డు దానికి కాస్త అవతల. టేపు సెకనుకి 15 అంగుళాలు నడుస్తుంటే, ఆ రెంటి మధ్య అంగుళంన్నర దూరమంటే సెకనులో పదోవంతు ఆలస్యం. మృదంగానికి అంత ఆలస్యమంటే ఇంక చెప్పేదేముంది, తాళం తప్పినట్టే!

1955లో ఆంపెక్స్ కంపెనీలో రాస్ స్నైడర్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. పాత ట్రాకుల్ని రికార్డు హెడ్డుతోనే వినిపిస్తే సరి. 1957లో లెస్ పాల్ ఎనిమిది ట్రాకుల యంత్రం పదివేల డాలర్లకు తెచ్చుకున్నాడు. ఇప్పుడు కంప్యూటరుతో రికార్డు చేస్తుంటే హెడ్‌ఫోన్లో మన వాద్యం మనకే ఆలస్యంగా వినిపిస్తుందే, అదీ ఆ పాత తగాదాయే, వేషం మార్చుకొచ్చింది. డైరెక్ట్ మానిటరింగ్ అన్న మీట ఉంటే ముందు అది నొక్కండి.

మన సినిమాల్లోనూ 1950లలో గాయకుడూ, వాద్యబృందమూ కలిసి ఒక్కసారే పాట ముగించాలి. ట్రాకులు వచ్చాకే "ట్రాకు పాడటం" అన్న మాట మనవాళ్ళ నోట పడింది.

డిజిటల్ మల్టీట్రాక్ యంత్రాలు మొదట్లో లక్ష డాలర్లు దాటేవి. 1991లో అలెసిస్ కంపెనీ ఆడాట్ చూపించింది, మరుసటేడు అమ్మకానికి పెట్టింది. ధర 3,995 డాలర్లు. ఎనిమిది ట్రాకులు, అదీ మామూలు వీడియో కాసెట్టులా కనిపించే ఎస్-వీహెచ్ఎస్ టేపు మీద! రెండు గంటల కాసెట్టులో నలభై నిమిషాలు పట్టేది. ఇలాంటివి పదహారు కలిపితే 128 ట్రాకులు.

ఇక అమరిక. టేపు మీద ధ్వని కాస్త ఎక్కువైతే మెత్తబడేది. డిజిటల్లో సున్నా దాటిందా, పగిలిపోతుంది. అందుకని లెవెలు చూసుకునేటప్పుడు మృదంగం ఆయన్ని నెమ్మదిగా కాదు, తని ఆవర్తనంలో వాయించినట్టే వాయించమనండి. అత్యధికం సున్నాకి 12 డెసిబెల్స్ కింద ఉంటే చాలు, 24 బిట్ల యంత్రాల్లో అలా తగ్గించినా నష్టం లేదు. మృదంగానికి రెండువైపులా రెండు మైకులు. కండెన్సర్ మైకైతే 48 వోల్టులు ఇవ్వడం మర్చిపోకండి. తంబురా శ్రుతి మొదటి ట్రాకు మీద పెట్టి, అందరి హెడ్‌ఫోన్లలోకీ పంపండి.

ఒక్క విషయంలో మాత్రం లెస్ పాల్ పద్ధతి మనకి పనికిరాదని నా అభిప్రాయం. ముందు మృదంగం, వచ్చేవారం వీణ అంటే ఎవరూ ఎవరికీ జవాబు చెప్పరు. కచేరీలో ఒకరి చెయ్యి చూసి ఇంకొకరు వాయిస్తారు. కనక ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకేసారి, వేరువేరు ట్రాకుల మీద తీసుకోండి.

మా ఊళ్ళో వీణ నేర్పిన ఒక పెద్దావిడ 1990లలో అలాగే వాయించారు. ఇప్పుడావిడ లేరు. నాలుగు ఆడాట్ కాసెట్లు వాళ్ళమ్మాయి దగ్గర దొరికాయి. ఇంట్లోవాళ్ళు పెళ్ళి వీడియోలనుకుని పారేయబోయారట. వీసీఆర్‌లో పెడితే అందులో బొమ్మా లేదు, పాటా లేదు. చివరి వీసీఆర్ తయారీ 2016లోనే ఆగిపోయింది. ఆడాట్ యంత్రాలు పాతసామాను కిందే దొరుకుతాయి, హెడ్లు అరిగి ఉంటాయి. బాగుచేయించిన యంత్రం మీద ఒక్కసారి నడిపి, ఎనిమిది ట్రాకుల్నీ ఎనిమిది ఫైళ్ళుగా, అన్నీ ఒకే క్షణం నుంచి మొదలయ్యేట్టు తీసుకోవాలి. మీ ఇంట్లో అటకమీద ఎస్-వీహెచ్ఎస్ అని రాసున్న కాసెట్లుంటే, ఈ శనివారం ఒకసారి దింపి చూడండి. ఉంటాను.